ఏడున్నర సీరియల్

అమ్రాబాద్ అడవి
3 జులై 2022

బాపూ,

ఉద్యోగంలో చేరగానే ఉత్తరం రాస్తానన్నాను. ఇప్పటికి కుదిరింది. ఇక్కడ ఫోన్ పలకదు. మీటింగుకు మన్ననూరు పోయినరోజే మాట్లాడగలను, అదీ చుట్టూ నర్సులందరూ ఒక్కసారే వాళ్ల వాళ్ల ఇళ్లకు మాట్లాడుతుంటే. అమ్మ "మంచిగనే ఉన్న బిడ్డా, తిన్నవా" అంటుంది, అంతలో లైను తెగుతుంది. అందుకే ఉత్తరాలే నయం. రేషన్ జీపు నడిపే పరశురాములన్న నా ఉత్తరాలు తీసుకుపోయి పోస్టు డబ్బాలో వేస్తానన్నాడు.

నేనుండే గది దవాఖాన వెనకాలే. దవాఖాన అంటే పెద్దగా ఊహించుకోకు. రెండు గదులు, ఒక బల్ల, మందుల అల్మారా. నాతోపాటు ఉండాల్సిన ఇంకో నర్సు కాన్పుకు పోయింది, కాబట్టి ఈ పెంటలన్నిటికీ నేనొక్కదాన్నే. చెంచు గూడేలను ఇక్కడ పెంటలంటారు. చెంచు ఆడవాళ్లు మొదట్లో నా దగ్గరికి రావడానికి సిగ్గుపడేవారు. ఇప్పుడు గుర్వమ్మ అనే పెద్దామె రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఆమె వస్తే మిగతావాళ్లూ వస్తారు.

పగలు బాగానే గడుస్తుంది. పొద్దుగూకాక ఏం తోచదు. ఏడున్నర అయ్యేసరికి మనసు ఇంటి మీదికి పోతుంది. నువ్వు మగ్గం ఆపి, గుంటలోంచి కాళ్లు పైకి తీసుకుని టీవీ వైపు తిరిగి కూర్చునేవాడివి. అమ్మ నూలు కండెలు చుట్టుకుంటూ చూసేది. తమ్ముడు సాయిగాడు సీరియల్లో ఆ చిన్నత్త వేషం ఆమె ఏడ్చినప్పుడల్లా అట్లాగే మూతి తిప్పేవాడు. ఎదురింటి ధర్మయ్య పెదనాయిన గడపలో కూర్చుని, తప్పు ఎవరిదో తీర్పు చెప్పేవాడు. ప్రకటనలు వచ్చినంతసేపూ మనకు పంచాయతీయే. సీరియల్ కన్నా ఆ పంచాయతీ కోసమే కూర్చునేదాన్నేమో.

నేను వచ్చేనాటికి సీరియల్లో వసుంధరను నగల దొంగ అని ఇంట్లోంచి వెళ్లగొట్టారు కదా. తర్వాత ఏమైంది? ప్రతి ఉత్తరంలో కథ రాయి.

మొదటి జీతంతో అమ్మకు పంపిన ఫోన్ వాడుతోందా? వీడియోలు ఎట్లా చూడాలో సాయిని నేర్పమను. షుగర్ మాత్రలు మరిచిపోవద్దని చెప్పు.

నీ బిడ్డ
అఖిల


గట్టుప్పల్
20 జులై 2022

బిడ్డా అఖిలా,

నీ ఉత్తరం చూసి ప్రాణం లేచి వచ్చింది. ఇక్కడ ముసురు పట్టి వదలడం లేదు. రంగు వేసిన నూలు ఎండక ఇంట్లోనే తాళ్లు కట్టి ఆరేశాం. అటూ ఇటూ నడవాలంటే వంగి నడవాలి. అందరం బాగున్నాం.

కథ అడిగావు. వసుంధర ఏ ఊరికో తెలియకుండానే బస్సెక్కింది. కండక్టరు ఎక్కడికమ్మా అంటే, చివరిదాకా అంది. ఆ మాటకు మీ అమ్మ కళ్లు తుడుచుకుంది. సాయి ఎప్పటిలాగే మూతి తిప్పాడు. ధర్మయ్యన్న మాత్రం, నగలు తీసింది పెద్ద కొడుకేనని పట్టుబట్టి కూర్చున్నాడు.

ఫోన్ మీ అమ్మకు బాగా అలవాటైంది. చెవుల్లో పెట్టుకునేవి సాయి ఇచ్చాడు. కండెలు చుట్టేటప్పుడు, పొయ్యి దగ్గర ఉన్నప్పుడు చూసుకుంటుంది. ఏం చూస్తున్నావంటే, ఆరోగ్యం గురించి మంచి మాటలు చెప్తారంది. మాత్రలు వేసుకుంటోంది. నువ్వు ఆ సంగతి మనసులో పెట్టుకోకు.

పాములుంటాయి, చూసి నడువు.

బాపు
రాజేందర్


అమ్రాబాద్ అడవి
14 ఆగస్టు 2022

బాపూ,

నీ ఉత్తరం నేను ఒక్కదాన్నే చదువుకోలేదు. గుర్వమ్మ చేతిలో కాగితం చూసి, ఏముంది అందులో అని అడిగింది. వసుంధర సంగతి చదివి వినిపించాను. మర్నాడు నలుగురైదుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి మళ్లీ మొదటి నుంచి చదవమంది. "చివరిదాకా" అన్న మాట మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. వాళ్లలో టీవీ రోజూ చూసినవాళ్లు ఎవరూ లేరు. కథ విన్నాక బిడ్డల బరువు తూయనిచ్చారు, సూది వేయనిచ్చారు. నీ ఉత్తరం నాకు సర్కారు ఇచ్చిన మందులకన్నా ఎక్కువ పని చేసింది.

కాబట్టి వచ్చేసారి పొడుగ్గా రాయి. బస్సు ఏ ఊళ్లో ఆగింది, ఎవరు ఆశ్రయమిచ్చారు, అన్నీ.

ఇక్కడి ఆశ్రమ పాఠశాలకు దీప్తి అని కొత్త టీచరు వచ్చింది. నా ఈడుదే. వాళ్లది కొత్తకోట. ఇద్దరం కలిసి వండుకుంటున్నాం.

మొన్న మన్ననూరు నుంచి ఫోన్ చేస్తే అమ్మ ఏదో వింటూ మాట్లాడినట్టుంది. నేను ఒకటి అడిగితే ఒకటి చెప్పింది. ఒంట్లో బాగుందా?

అఖిల


గట్టుప్పల్
11 సెప్టెంబర్ 2022

బిడ్డా,

మీ అమ్మకు ఏమీ కాలేదు. ఇంకా చెప్పాలంటే ఒళ్లు తగ్గి చురుగ్గా ఉంది. పాత రవికలన్నీ వదులయ్యాయని కుట్టు వేసుకుంటోంది. పొద్దున్నే ఏదో ఆకు నీళ్లు కాచుకుని తాగుతుంది. అరికాళ్లు మండుతున్నాయని ఒకసారి అంది. పొద్దంతా గచ్చు మీద కూర్చునే పని, మండవా మరి. మాత్రలు మానలేదు.

ఇక వసుంధర. బస్సు ఒక పద్మశాలీల ఊళ్లో ఆగింది. ఊరంతా మగ్గాల చప్పుడే. ఒక ముసలాయన, ఆయన భార్య ఆమెను ఇంట్లోకి రమ్మన్నారు. ఆమె ఎవరని గానీ ఎందుకు వచ్చిందని గానీ అడగలేదు. అన్నం పెట్టి, చేతికి రాట్నం ఇచ్చారు. మొదటిరోజు దారం తెంపినదే తెంపుతూ ఉంటే ముసలామె, "తెగనియ్యి బిడ్డా, అతుకు పెట్టుడు నేర్చుకుంటెనే నేత అస్తది" అంది. ఇప్పుడు వసుంధర మగ్గం మీద కూర్చుంటోంది. మొగుడు వెతుక్కుంటూ ఏదో ఒకనాడు ఆ బజారుకే వస్తాడని, తను నేసిన చీర అంచులో అతనికి మాత్రమే తెలిసేలా ఒక పోగు రంగు మార్చి నేస్తోంది.

మీ అమ్మ ఈ భాగం చూస్తూ కండె చుట్టడం మరిచిపోయింది. మన ఊరినే తీశారేమో అన్నాడు ధర్మయ్యన్న.

బతుకమ్మకు వస్తున్నావు కదా.

బాపు


అమ్రాబాద్ అడవి
9 అక్టోబర్ 2022

బాపూ,

రాలేకపోయాను. బతుకమ్మ మొదలైన రోజే జ్వరాలు అంటుకున్నాయి. ఏ గుడిసెలోకి పోయినా ఒకరో ఇద్దరో వణుకుతూ పడుకుని ఉన్నారు. సెలవు అడగడానికి కూడా నోరు రాలేదు. ఇక్కడి ఆడపిల్లలు తంగేడు కోసుకొచ్చి ఇస్తే దవాఖాన ముందే చిన్న బతుకమ్మ పేర్చాను. అమ్మకు కోపం వచ్చిందా?

ఆ చీర అంచు సంగతి విన్నప్పటి నుంచి గుర్వమ్మకు ఒకటే ఆత్రం. మొగుడు ఆ చీర చూశాడా లేదా? పక్క పెంట నుంచి కూడా నడిచి వస్తున్నారు. నువ్వు ఎంత బాగా రాస్తావో నాకింతకాలం తెలియదు.

అమ్మ సంగతి ఒకటి. షుగర్ ఉన్నవాళ్లు ఊరికే సన్నబడితే మంచిది కాదు. అరికాళ్లు మండితే అసలే మంచిది కాదు. వెంటనే చండూరు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించు. ఎంత వచ్చిందో రాయి. ఆ ఆకు నీళ్లు ఏమిటో కూడా అడుగు.

అఖిల


గట్టుప్పల్
30 అక్టోబర్ 2022

బిడ్డా,

మీ అమ్మను అడిగాను. "చేయించుకున్న, మంచిగనే అచ్చింది, బిడ్డకు ఫికర్ చెయ్యొద్దని రాయి" అంది. ఎంత వచ్చిందో ఆమెకు గుర్తు లేదు. ఆకు నీళ్లు అందరూ తాగేవేనట. బతుకమ్మకు రాలేదని కోపమేమీ లేదు.

వసుంధర మొగుడు బజారుకు వచ్చాడు. చీర చేతిలోకి తీసుకున్నాడు. అంచు మీద వేలు కూడా పెట్టాడు. కానీ పక్కన తల్లి ఉంది. "గీ రంగు మనకొద్దు" అని చీర లాగి పక్కన పడేసింది. అతను ఇంకో దుకాణానికి పోయాడు. వసుంధర తలుపు చాటు నుంచి అంతా చూసింది. పిలవలేదు. పిలిస్తే వచ్చేవాడు. తానే గుర్తుపట్టాలని ఊరుకుంది.

దీని మీద ఇంట్లో పెద్ద పంచాయతీ అయింది. పిలవాల్సిందని మీ అమ్మ. పిలవకపోవడమే సరి అని సాయి.

బాపు


అమ్రాబాద్ అడవి
13 నవంబర్ 2022

బాపూ,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

దీప్తి దీపావళికి కొత్తకోట పోయి వచ్చింది. వాళ్లమ్మ కూడా మన సీరియలే చూసేదట. ఏడున్నర సీరియల్ దసరాకు ముందే అయిపోయిందని చెప్పింది. వసుంధర ఏ ఊరూ పోలేదట. బస్టాండులోనే మొగుడు కలిశాడట. చిన్నత్త కాళ్ల మీద పడి క్షమాపణ అడిగిందట. మగ్గం, ముసలాయన, చీర, ఇవేవీ ఆ కథలో లేవట. నేను మొదట నమ్మలేదు, దీప్తి వేరే సీరియల్ అనుకుంటోందని వాదించాను. మొన్న మన్ననూరులో ఇంకో ఇద్దరిని అడిగితే వాళ్లూ అదే చెప్పారు.

బాపూ, నీకు కోపం తెప్పించాలని కాదు. తాత చివరి రోజుల్లో గుర్తుందా? ఇంటికి ఎవరెవరో వచ్చారని, వాళ్లతో మాట్లాడానని చెప్పేవాడు. మనం మొదట్లో నవ్వేవాళ్లం. నాకు భయమేస్తోంది. నువ్వు చూడనిది చూసినట్టు రాస్తున్నావు, ఇంట్లో అందరూ పక్కనే కూర్చుని చూసినట్టు రాస్తున్నావు. నల్లగొండలో నరాల డాక్టరుకు చూపించుకో. ఆలస్యం చేయొద్దు.

ఈ కింది ముక్క అమ్మకు. సాయితో చదివించు.

అమ్మా, బాపును ఒక్కణ్నీ పంపకు. నువ్వు వెంట పో. డాక్టరు అడిగిన వాటికి బాపు సరిగా చెప్పకపోతే నువ్వు చెప్పు. ఇంట్లో బాపును కనిపెట్టుకుని ఉండు. ఇప్పుడు నా దిగులంతా బాపు గురించే.

అఖిల


గట్టుప్పల్
4 డిసెంబర్ 2022

బిడ్డా,

నువ్వు చెప్పినట్టే నల్లగొండ పోయి వచ్చాం. డాక్టరు చాలాసేపు చూశాడు. ఏ సంవత్సరమని అడిగాడు, గడియారం బొమ్మ వేయమన్నాడు. నాకు ఏమీ లేదన్నాడు. కథలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వయసు కదా. ఇక ఆ సంగతి వదిలేయి.

మీ అమ్మ నీ మాట విని నా వెంటే వచ్చింది. ఎడమకాలు కుంటుతూ నడిచింది. ఏమైందంటే చెప్పు కరిచిందంది. కాలికి గుడ్డ చుట్టుకుంది. ఆటో ఎక్కుదామంటే వద్దని బస్టాండు నుంచి దవాఖాన దాకా నడిచింది. నన్ను లోపల చూస్తున్నంతసేపూ బయట బల్ల మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. డాక్టరు నాకేమీ లేదన్నాడని చెప్తే, "ఇగ బిడ్డకు దిగులు పోతది" అని నవ్వింది.

ఇంట్లో ఏదో వాసన వస్తోంది. రంగు కుండలు కడగక అనుకుని అన్నీ కడిగించాను.

బాపు


గట్టుప్పల్
22 జనవరి 2023

బిడ్డా అఖిలా,

అమ్మ పోయి నెల దాటింది. దినాలు అయ్యాక నాతో ఒక్క మాటా మాట్లాడకుండా బస్సెక్కావు. నేను రాసిన రెండు ఉత్తరాలకు జవాబు లేదు. ఇది చదువుతావో లేదో తెలియదు. అయినా రాయాలి.

హైదరాబాదు దవాఖానలో, అమ్మ కాలు మోకాలి కింది దాకా తీసేసి బయటికి తెచ్చిన రోజు నువ్వు నన్ను అడిగావు. "మాత్రలు ఎన్నడు బంద్ చేసింది బాపూ?" నాకు తెల్వదన్నాను. "ఒక్క ఇంట్లనే ఉన్నరు గద" అన్నావు. నువ్వు గట్టిగా కూడా అనలేదు. పుండు విషం అప్పటికే ఒళ్లంతా ఎక్కిందని, అమ్మ లేవదని నీకు తెలుసు. నాకు అప్పటికింకా తెలియదు. ఆ మాటకు జవాబు ఇప్పుడు చెప్తాను.

ఒక్క ఇంట్లోనే ఉన్నాం. కానీ నువ్వు పోయిన కొన్ని రోజులకే సాయి తన మ్యాచ్ ఫోన్‌లో వస్తోందని వెనక గదిలోకి పోవడం మొదలుపెట్టాడు. అమ్మకు నువ్వు పంపిన ఫోన్ వచ్చింది. ధర్మయ్యన్నకు మనవడు ఒక ఫోన్ ఇచ్చాడు, ఆయన తన గడపలోనే కూర్చోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లు నేనొక్కణ్నే టీవీ ముందు కూర్చున్నాను. వసుంధర ఏడుస్తుంటే పక్కన ఒక్క మనిషీ లేడు. నాకే సిగ్గనిపించింది. కేబుల్ తీయించేశాను. నేనూ సాయి చేత ఒక ఫోన్ తెప్పించుకుని ఒగ్గు కథలు చెవిలో పెట్టుకుని నేయడం మొదలుపెట్టాను. మగ్గం మీద నాడె అటూ ఇటూ ఆడిన చప్పుడు కూడా నాకు వినబడేది కాదు. నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికి టీవీ మీద గుడ్డ కప్పి ఉంది.

నువ్వు ఆ ఇంటిని అడిగావు. అది లేదని ఎట్లా రాయను? మొదటిసారి కొంచెం కల్పించాను. నువ్వు, ఆ చెంచు ఆడవాళ్లు ఇంకా అడిగారు. తర్వాత నాకే బాగుంది. మగ్గం మీద కూర్చుని వసుంధర ఏం చేయాలా అని ఆలోచించేవాణ్ని. ఆ కథ నీకు రాశాను, మీ అమ్మకు ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు. వినిపించి ఉంటే ముగ్గురం ఒకచోట కూర్చునేవాళ్లమేమో. ఆ ఆలోచనే రాలేదు.

అమ్మ ఏడ్చిందని రాసింది, పంచాయతీ అయిందని రాసింది, అవన్నీ కూడా కథే. మాత్రలు వేసుకుంటోందన్నది కూడా అంతే. నేను అడగలేదు, చూడలేదు. వేసుకుంటూనే ఉంటుందనుకుని రాశాను. పరీక్ష సంగతి ఒక్కటి అడిగాను. ఆమె చెవిలోంచి తీగ తీసి జవాబు చెప్పి మళ్లీ పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

నువ్వు పోయాక సాయి అమ్మ ఫోన్ తెరిచాడు. ఎవరో ఒకాయన, తెల్లబట్టలు, వెనకాల దేవుడి పటం. మాత్రలు తింటే కిడ్నీలు పోతాయి, ఈ ఆకు నలభై రోజులు తాగితే షుగర్ వేర్లతో సహా పోతుందని చెప్తున్నాడు. అది అయిపోగానే దానంతట అదే ఇంకొకటి వచ్చింది, ఆయనదే. కాలి పుండు నల్లబడితే విషం బయటికి పోతున్నట్టు లెక్క, ఎవరికీ చూపించొద్దు, ఈ పసరు కట్టండి అన్నాడు. ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. మేమిద్దరం గచ్చు మీద కూర్చుని అన్నీ చూశాం. నువ్వు ఇంట్లోంచి పోయాక నేను, సాయి ఒక్కచోట కూర్చుని ఒకటే చూసింది అదే.

సాయి మొదట నవ్వాడు. ఆయన మాటలు అట్లా ఉన్నాయి. నవ్వుతూనే ఏడ్చాడు. "గిది టీవీల అచ్చుంటే నేను నవ్వేటోణ్ని బాపూ. నువ్వు తిట్టేటోనివి. అమ్మ సుత సిగ్గువడి ఇడిసిపెట్టేది" అన్నాడు. ఇంట్లో అమ్మ అన్ని నెలలు ఆయన మాట వింది. ఆయన గొంతు మా చెవుల్లో ఒక్కసారి కూడా పడలేదు.

నిన్ను క్షమించమని అడగను. ఒక్కటే అడుగుతాను. నువ్వు చదువుకున్నదానివి. నేను ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే అమ్మ బతికేదా? ఊళ్లో అందరూ రాత అంటున్నారు. సాయి వద్దన్నాడు, అక్కను ఆ మాట అడగొద్దన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వు ఏది చెప్పినా సరే.

బాపు


అమ్రాబాద్ అడవి
5 ఫిబ్రవరి 2023

బాపూ,

అమ్మ బతికేది.

రాత అని రాద్దామనుకున్నాను. అట్లా రాస్తే నీకు నిద్ర పడుతుందని కూడా తెలుసు. కానీ నువ్వు నా సంతోషం కోసం రాసినవి చదివి నేను నాలుగు నెలలు సంతోషంగా ఉన్నాను. ఆ పని నేను నీకు చేయను. అక్టోబర్‌లో ఆమె మాత్రలు మానిందని తెలిస్తే పుండే పడేది కాదు. నన్ను నమ్మి మీరు నల్లగొండ పోయిననాడు ఆ గుడ్డ విప్పి లోపల ఎవరికైనా చూపించి ఉంటే ఒకటో రెండో వేళ్లు పోయేవి. మనిషి ఉండేది.

నేను మాట్లాడకుండా వచ్చింది నీ ఒక్కడి మీద కోపంతో కాదు. ఆ ఫోన్ కొన్నది నేను. వీడియోలు నేర్పమన్నది నేను. సన్నబడిందని నువ్వు రాసినప్పుడు నర్సును కదా, నాకు భయం వేసింది. అయినా మంచిగనే ఉందన్న మాట చదవగానే ఆ భయం తీసి పక్కన పెట్టి, వసుంధర దగ్గరికి పోయాను. అమ్మ బాగుండాలని నాకూ ఉంది, అందుకే నమ్మాను. నిన్ను డాక్టరు దగ్గరికి తోలి, పుండు ఉన్న కాలుతో ఆమెను నీ వెంట నడిపించింది కూడా నేనే. ఆమె బయట బల్ల మీద కూర్చున్నదని నువ్వు రాసిన ముక్క నేను ఎన్నిసార్లు చదివానో తెలియదు.

గుర్వమ్మ వచ్చి కూర్చుంటోంది. కథ అడగడం లేదు. నిన్న ఒక అమ్మాయి పురుడు కష్టమైతే ఆమె, నేను కలిసి జీపులో అచ్చంపేట దాకా పోయాం. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. తిరిగి వచ్చేటప్పుడు గుర్వమ్మ నా చెయ్యి పట్టుకుని వదలలేదు.

బదిలీ పెట్టుకుని ఇంటి దగ్గరికి పొమ్మని దీప్తి అంటోంది. పెట్టలేదు. ఆ ఇంట్లో ఉండడం ఇప్పుడు నా చేత కాదు. ఉగాదికి వస్తాను. రెండు రోజులుంటాను. అంతకంటే ఎక్కువ ఇప్పుడే అడగొద్దు.

ఈలోగా సాయిని తీసుకుని చండూరు పోయి ఇద్దరూ రక్తం చూపించుకోండి. నీది ఎంత వచ్చిందో సాయి చెప్పాలి, సాయిది నువ్వు చెప్పాలి. ఎవరిది వాళ్లు చెప్పుకోవడం కాదు.

ఇకనుంచి ఉత్తరంలో అందరం బాగున్నాం అని రాయకు. సాయి అన్నం సరిగా తింటున్నాడో లేదో, నీ నడుము నొప్పి ఎట్లా ఉందో, ఉన్నది రాయి. సాయి గురించి రాసేటప్పుడు వాణ్ని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, అడిగి రాయి. అడగకుండా ఒక్క ముక్క కూడా రాయకు.

అఖిల